నకళ్లు రెండువేలు, సాక్షి ఒక్కడే

యర్రగుంట్ల చుట్టుపక్కల రోడ్డు వెంట వెళ్తుంటే పాలిష్ ఫ్యాక్టరీల ముందు నిలువునా ఆనించిన నల్లబండలు వరసలుగా కనిపిస్తాయి. వంటింటి గట్టుగా, అల్మరా అరగా, వసారా నేలగా దక్షిణాది ఇళ్లలోకి చేరే బండలివి. అవతల నంద్యాల జిల్లా బేతంచెర్ల, కొలిమిగుండ్లలదీ ఇదే జీవనం. తవ్వేవాళ్లకిది నాపరాయి, కొనేవాళ్లకు కడప బండ. ఊరి పేరు ఇంగ్లిషు స్పెల్లింగును 2005లో తెలుగు పలుకుబడికి దగ్గరగా మార్చారు గానీ, రాయి మాత్రం తెల్లదొరల నాటి ‘కడ్డపా’ పేరుతోనే ఇంకా బజారులో తిరుగుతోంది. బెంగళూరులోనో చెన్నైలోనో ఇల్లు కట్టుకునే మనిషి ఫోను తీసి ఆ పాత స్పెల్లింగే కొడతాడు. పైన ఎవరి పేరు కనిపిస్తే బేరం అక్కడ మొదలవుతుంది.

ముప్పయ్యేళ్లుగా బండలు కోయిస్తున్న ఒక యజమానిని ఊహించుకుందాం. క్వారీ ఆయనదే, కోత మిషను ఆయనదే, దగ్గరుండి లారీకి లోడెత్తించేదీ ఆయనే. గూగుల్‌లో మాత్రం ఆయన సైటు నాలుగో పేజీలో ఎక్కడో పడి ఉంటుంది. మొదటి వరసలో కూర్చున్నవాడు క్వారీ మొహం చూడని దళారి. ఇంజినీరింగు చదివిన కొడుకు, నెలకింతని కట్టి వాడే ఒక టూలుతో ఆ దళారి సైటు జాతకం తీస్తాడు. వేలకొద్దీ లింకులు! కుక్కల పెంపకం గురించిన పేజీ అడుగున ఒకటి, ఎప్పుడో మూతపడిన స్కూలు సైటులో ఒకటి, ఏ దేశానిదో తెలియని జూదం సైటులో పది. “నాయనా, వాడు తొండి ఆడుతున్నాడు” అంటాడు కొడుకు. తండ్రి వ్యాపారి. ఆయన అడిగే ప్రశ్న వేరు: “ఆ లింకులు ఎంతకు అమ్ముతారంట? మనమూ కొందామా?”

ఈ ప్రశ్నను ఈసడించడం తేలిక. నిజాయితీగా వ్యాపారం చేసేవాడికి, పక్కవాడు తప్పుడు దారిలో గెలుస్తున్నట్టు కళ్లెదుట కనిపిస్తుంటే, నీతిపద్యంతో కడుపు నిండదు. ఆయనకు కావాల్సింది లెక్క. కొన్న లింకు పనిచేస్తుందా, ఎంతకాలం చేస్తుంది, పట్టుబడితే ఏమవుతుంది, ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారు? ఈ నాలుగింటికీ జవాబులు ఉన్నాయి. అన్నీ ఆయనకు నచ్చేవి కావు.

లింకుకు ఇంత విలువ ఎలా వచ్చిందో ముందు చూడాలి. 1996లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు ‘బ్యాక్‌రబ్’ పేరుతో ఒక సెర్చ్ ఇంజను కట్టారు. అప్పటికి ఉన్న సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా పేజీలో ఉన్న మాటల్నే చూసేవి. ‘బండ’ అని వందసార్లు రాసుకున్నవాడే బండల వ్యాపారి. ఈ ఇద్దరూ, పేజీ తన గురించి తాను చెప్పుకునేదాన్ని పక్కకు నెట్టి, దాని గురించి పదిమందీ చెప్పేదాన్ని లెక్కలోకి తెచ్చారు. ఒక పేజీ మరో పేజీకి లింకిస్తే అది ఓటు. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పేజీ వేసే ఓటుకు బరువెక్కువ. 1998లో ఈ పద్ధతిని పరిశోధన పత్రంగా వెలువరించారు, అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ కంపెనీ పుట్టింది. ఓటు పుట్టిన చోట దొంగ ఓటు పుట్టడానికి ఎంత కాలం పడుతుందో రాయలసీమ పాఠకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే కడపలో దీనికి పోలింగు బూత్ కంటే దగ్గరి పోలిక ఒకటుంది. 1820లో కడప కలెక్టరు దగ్గర సహాయకుడిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ఆ తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, తెలుగు కావ్యాల రాతప్రతులను పోల్చి చూసే పని పెట్టించాడు. ఆ పనిని దగ్గరుండి నడిపినవారిలో అయోధ్యాపురం కృష్ణారెడ్డి ముఖ్యుడు. దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పాఠభేదాలు గుర్తించడం, శుద్ధప్రతి రాయించడం. ఆ బంగళాలో రోజూ జరిగిందదే. ఇప్పుడు అదే స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల, బ్రౌన్ పేరిట గ్రంథాలయం నిలిచింది. ప్రతులను పరిష్కరించేవారికి ఒక విషయం బాగా తెలుసు. ప్రతుల్ని లెక్కపెట్టి లాభం లేదు. ఇరవై ప్రతుల్లో ఒకే తప్పు ఒకే చోట కనిపిస్తే ఆ ఇరవైకీ తల్లి ఒకటే. వాటిని ఇరవై మంది సాక్షులు అనుకోకూడదు, అవి ఒక్క సాక్షి మాటకు తీసిన ఇరవై నకళ్లు.

వేమన సంగతి ఇంకా తమాషా. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. కాలక్రమంలో వేమన పేరిట చలామణి అయ్యే పద్యాల లెక్క వేలకు చేరింది. వాటిలో ఆ మహానుభావుడు చెప్పినవెన్ని, చివర మకుటం తగిలించి ఇతరులు జనంలోకి వదిలినవెన్ని అన్న చర్చ నేటికీ తెగలేదు. లింకు మీద కనిపించే మాటలు కూడా ఈ మకుటం లాంటివే. నిజంగా బండ నచ్చినవాళ్లు రెండువేల మంది ఉంటే వాళ్లు రెండువేల రకాలుగా రాస్తారు. ఒకడు ఫ్యాక్టరీ పేరు రాస్తాడు, ఇంకొకడు ఊరి పేరు, మరొకడు ‘ఇక్కడ చూడండి’ అని వదిలేస్తాడు. అలా కాకుండా రెండువేల పేజీల్లోనూ ‘తక్కువ ధరకు కడప నల్లబండ’ అని అక్షరం పొల్లుపోకుండా ఉంటే, రాసిన చెయ్యి ఒకటే.

రెండువేలన్నది నోటికొచ్చిన అంకె కాదు. అమెరికాలోని జె.సి.పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ 2010 క్రిస్మస్ రోజుల్లో గూగుల్‌ను దాదాపు ఏలింది. దుస్తులు, పరుపులు, తివాచీలు, ఏ మాట కొట్టినా మొదట్లో దాని పేరే. సామ్‌సొనైట్ సూట్‌కేసు కోసం వెతికితే, ఆ సూట్‌కేసు తయారుచేసే సామ్‌సొనైట్ సంస్థ కంటే దాన్ని అమ్మే పెన్నీయే నెలల తరబడి పైన ఉంది. క్వారీ యజమాని కంటే దళారి పైనున్నట్టే. న్యూయార్క్ టైమ్స్ విలేకరి డేవిడ్ సీగల్‌కు ఇది వింతగా తోచి, ఒక సెర్చ్ నిపుణుడితో తవ్వించాడు. పెన్నీకి లింకులిస్తున్న 2,015 పేజీలు దొరికాయి. అణు ఇంజినీరింగుకు సంబంధించిన సైటు అడుగున ‘నల్ల గౌన్లు’, జూదం సైటులో ‘సాయంత్రం తొడిగే గౌన్లు’, బల్గేరియాలో స్థలాలు అమ్మే సైటులో మరో రకం గౌన్లు! అణుశక్తికీ ఆడవాళ్ల గౌన్లకూ ఏమిటి సంబంధం అని అడిగే నాథుడు అప్పటిదాకా లేడు.

2011 ఫిబ్రవరిలో ఆ కథనం అచ్చయ్యేలోపే గూగుల్ కదిలింది. ఒక బుధవారం సాయంత్రం 7 గంటలకు సూట్‌కేసుల వెతుకులాటలో ఒకటో స్థానంలో ఉన్న పెన్నీ, రెండు గంటలు తిరిగేసరికి 71కి పడింది. ఇంట్లో సోఫాలు, కుర్చీల విభాగంలో 1 నుంచి 68కి. ఆ లింకులు తమ అనుమతితో పెట్టినవి కావని సంస్థ చెప్పింది, సెర్చ్ పని అప్పగించిన ఏజెన్సీని తీసేసింది. మూడు నెలల తర్వాత మళ్లీ పైకొచ్చింది. స్పామ్ విభాగాన్ని అప్పట్లో చూస్తున్న మ్యాట్ కట్స్ ఇంకో సంగతి ఒప్పుకున్నాడు. అంతకుముందే మూడుసార్లు పెన్నీకి సంబంధించిన ఉల్లంఘనలు గూగుల్ కంటపడ్డాయి.

తండ్రి అడిగిన ప్రశ్నకు ఇందులో ఇబ్బందికరమైన జవాబు ఉంది. లింకులు పనిచేశాయి. పండగ సీజను మొత్తం తిన్నాకే శిక్ష పడింది. పట్టిచ్చింది కూడా పోటీ వ్యాపారులు కాదు, ఒక పత్రిక. ‘తప్పుడు దారి ఎప్పటికీ కలిసిరాదు’ అని చెప్పే ఎస్ఈఓ (సైట్లను సెర్చ్‌లో పైకి తెచ్చే పని) పెద్దమనుషులు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు.

పైగా శిక్షలు కూడా అందరికీ ఒకేలా ఉండవు. 2013 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని ఇంటర్‌ఫ్లోరా అనే పూల వ్యాపార సంస్థ గూగుల్ నుంచి మాయమైంది, ‘ఇంటర్‌ఫ్లోరా’ అని పేరు పెట్టి వెతికినా కనిపించనంతగా. అక్కడి మాతృ దినోత్సవానికి ముందే, 11 రోజుల్లో తిరిగొచ్చింది. పాటల సాహిత్యానికి వివరణలిచ్చే ర్యాప్ జీనియస్ సైటుకు అదే ఏడాది క్రిస్మస్ రోజున దెబ్బ పడింది, జనవరి 4 నాటికి కోలుకుంది. న్యాయంగా ఒక మాట గూగుల్ పక్షాన కూడా చెప్పాలి. 2012 జనవరిలో తన క్రోమ్ బ్రౌజర్ ప్రచారంలోనే డబ్బిచ్చి రాయించిన రాతల్లో లింకు దొర్లినట్టు తేలితే, సొంత పేజీనే 60 రోజులు కిందికి తోసుకుంది. కానీ పెద్దవాళ్లు దొరికితే అది వార్త, వార్తయితే ఇంజినీర్లు లేస్తారు, పది రోజుల్లో పరిష్కారం దొరుకుతుంది. ఏజెంటు మాట నమ్మి లింకుల ప్యాకేజీ కొన్న చిన్న వ్యాపారి పడిపోతే, తిరిగి ఎక్కడానికి ఏ నంబరుకు ఫోను చేయాలో కూడా ఆయనకు తెలియదు. అందుకే ‘మనమూ కొందామా’ అన్నదానికి మొదటి అభ్యంతరం నీతి కాదు. అదే తప్పుకు పెన్నీ మూడు నెలలు ఓర్చుకోగలదు, యర్రగుంట్ల ఫ్యాక్టరీ ఓర్చుకోలేదు.

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. ఆట నియమం మారింది.

2012 ఏప్రిల్ 24న గూగుల్ ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చింది. ఇంగ్లిషు వెతుకులాటల్లో నూటికి మూడింటిపై దాని ప్రభావం పడింది. దొంగ లింకులున్న సైట్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. ఆ దెబ్బకు జనం ఎంత బెదిరారంటే, ‘ఈ లింకులు నావి కావు, లెక్కలోంచి తీసేయండి’ అని సైటు యజమాని చెప్పుకునే పరికరాన్ని అదే ఏడాది అక్టోబరులో ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత 2016 సెప్టెంబరులో పెంగ్విన్ ప్రధాన లెక్కలో కలిసిపోయింది, దానితో పాటు తీరూ మారింది. శిక్షించడం తగ్గి, చెల్లనివ్వకపోవడం పెరిగింది. 2022 డిసెంబరు నాటికి ‘స్పామ్‌బ్రెయిన్’ అనే యంత్ర పరిజ్ఞానంతో కొన్న లింకుల్నీ, అమ్మడానికే పెట్టిన సైట్లనీ గుర్తించి వాటి విలువ తీసేస్తున్నామని గూగుల్ ప్రకటించింది. అంటే దొంగనోటు తెచ్చినవాడిని జైల్లో పెట్టడం లేదు, నోటును పక్కన పడేస్తున్నారు. తెచ్చినవాడికి ఆ సంగతి తెలియదు. చూసేవాడికి అసలే తెలియదు.

పొరపాటంతా ఇక్కడే జరుగుతోంది. కొడుకు చేతిలో ఉన్న టూలు దళారి పాపాల చిట్టా చూపిస్తుంది. ఆ చిట్టాలో గూగుల్ దగ్గర చెల్లినవెన్నో చూపించదు. మొదటి స్థానం కనిపించింది, మురికి లింకులు కనిపించాయి, రెండింటినీ కలిపి ముడేశాడు. కాకి వాలిందీ, తాటిపండు పడిందీ. దళారి సైటును కాస్త నిదానంగా చదివితే వేరే కారణాలు దొరకవచ్చు. మందం వారీగా, సైజు వారీగా వేర్వేరు పేజీలు, ఫోన్లో చకచకా తెరుచుకునే తీరు, వాట్సాప్ బొత్తం, ఇళ్లలో వేసిన బండల ఫొటోలు, ‘కడప’, ‘కడ్డపా’ రెండు స్పెల్లింగులూ. ఇటు క్వారీ యజమాని సైటులో ఏముంది? ఇంటిదేవుడి పటం, సంస్థాపకుడి నిలువెత్తు ఫొటో, ‘సుస్వాగతం’ అని పాకే అక్షరాలు. బండ ఫొటో ఉందో లేదో వెతుక్కోవాలి.

అనుమానం వేరు, రుజువు వేరు. గూగుల్ కంపెనీయే ఒకసారి ఈ తేడా చూపించింది. తన ఫలితాలను మైక్రోసాఫ్ట్ వారి బింగ్ చూసి రాస్తోందని దానికి సందేహం వచ్చింది. వెంటనే కేకలు వేయలేదు. ఎవరూ వెతకని అర్థంలేని అక్షరాల కూర్పులు ఓ వంద తయారుచేసి, వాటికి సంబంధంలేని పేజీలను కావాలని మొదటి ఫలితంగా అతికించింది. ఇంజినీర్లు ఇంటి దగ్గర బింగ్ టూల్‌బార్ ఉన్న బ్రౌజర్లలో వాటిని వెతికారు. కొద్ది వారాల్లో వాటిలో ఏడు నుంచి తొమ్మిది దాకా బింగ్‌లోనూ అవే ఫలితాలతో తేలాయి. 2011 ఫిబ్రవరి 1న ఆ సాక్ష్యం బయటపెట్టారు. వాడకందార్ల క్లిక్కులను అనేక సంకేతాల్లో ఒకటిగా వాడుకుంటున్నామని బింగ్ సమాధానం చెప్పింది, వివాదం కొన్నాళ్లు నడిచి చల్లారింది. వందలో తొమ్మిదికి మించి దొరకలేదన్నది గమనించాలి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో నగ మెరుపు చూసి ధర కట్టరు, గీసి చూస్తారు. లింకుల మీద ఆరోపణకూ అలాంటి గీటురాయి ఉండాలి. అదే దళారి ఒక్క మాటకే పైనున్నాడా, అన్నిటికీనా? అతనిలాగే లింకులు కొన్న ఇంకో నలుగురు ఎక్కడున్నారు? వాళ్లు కిందుంటే పైకి ఎత్తింది లింకులు కావు.

లింకులు అమ్మేవాళ్ల గురించి మాట్లాడితే పత్రికలు తమ గుమ్మం ముందే ఆగాలి. ఇంటర్‌ఫ్లోరా కథలో లింకులు ఎక్కడివో చెప్పలేదు కదా. బ్రిటన్‌లోని ప్రాంతీయ పత్రికల సైట్లవి. వార్తలా కనిపించే ప్రకటనల్లో లింకులు పెట్టారు. గూగుల్ కొన్నవాడితో పాటు ఆ పత్రికల సైట్ల విలువా తగ్గించింది. తెలుగు పాఠకుడికి ఈ సరుకు కొత్తది కాదు. 2009 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు తీసుకుని ప్రకటనల్ని వార్తలుగా అచ్చేశారన్న ఆరోపణలపై రాష్ట్ర వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే గొంతెత్తింది. ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డిని కలిపి ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. పేర్లతో సహా వారిచ్చిన 2010 నాటి నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో, అది జనానికి అందింది. చెల్లింపు వార్తకూ కొన్న లింకుకూ తేడా ఒక్కటే. మొదటిది పాఠకుణ్ణి మోసగిస్తుంది, రెండోది యంత్రాన్ని. ప్రకటన అని ఒక్క మాట పైన వేస్తే మొదటిది మోసం కాదు. లింకుకు ‘స్పాన్సర్డ్’ అనే గుర్తు తగిలిస్తే రెండోదీ కాదు. గూగుల్ ఆ గుర్తును 2019 నుంచీ, దానికి ముందు 2005 నుంచి ‘నోఫాలో’ గుర్తునూ ఇచ్చింది. అసలు చిక్కు ఏమిటంటే, గుర్తు తగిలించిన లింకుకు కొనేవాడు రూపాయి కూడా ఇవ్వడు.

ప్రభుత్వాల గుమ్మమూ శుభ్రంగా లేదు. పేరున్న సైటులో పాగా వేస్తే కొత్తగా పేరు తెచ్చుకోనక్కర్లేదన్నది జూదం ముఠాలకు తెలిసిన విద్య. భారత ప్రభుత్వ చిరునామాలున్న దాదాపు నాలుగు డజన్ల వెబ్ లింకులు బెట్టింగు సైట్లకు దారి తీస్తున్నట్టు 2024లో టెక్‌క్రంచ్ అనే అమెరికన్ వార్తా సంస్థ బయటపెట్టింది. ఆ చిరునామాలు ఏ రాష్ట్రాలవో చెప్పే జాబితాలో తెలంగాణ కూడా ఉంది, ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే నిషేధించిన రాష్ట్రం.

అదే 2024లో గూగుల్, పేరున్న సైటు నీడలో బయటివాళ్లు సొంత దుకాణం నడపడాన్ని కూడా స్పామ్‌గా ప్రకటించింది. ఫోర్బ్స్ అడ్వైజర్ వంటి విభాగాలు ఆ ఏడాది చివరికి ఫలితాల్లో దిగజారాయి. ప్రచురణకర్తలు గోల పెట్టారు. వార్తా సంస్థల ఆదాయానికి గూగుల్ అన్యాయంగా గండికొడుతోందా అని యూరోపియన్ కమిషన్ 2025 నవంబరులో విచారణ మొదలుపెట్టింది. ఒకరికి కలుపుతీత, మరొకరికి పంటకోత.

ఇక్కడే అంపైరు సంగతి వస్తుంది. అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో గూగుల్‌ను సెర్చ్‌లో గుత్తాధిపత్యం చట్టవిరుద్ధంగా నిలబెట్టుకున్న సంస్థగా తేల్చారు. ఆ కేసులో 2023 అక్టోబరులో సాక్ష్యం చెప్పినవారిలో మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఉన్నారు. ఒకప్పుడు బింగ్ ఇంజినీరింగు పనిని చూసిన ఆయన కుటుంబానిది అనంతపురం జిల్లా బుక్కాపురం. అంత డబ్బున్న సంస్థే గూగుల్‌తో తలపడలేకపోతున్నానని కోర్టులో చెప్పుకుంటే, బండల వ్యాపారి ఫిర్యాదు ఎంత దూరం పోతుందో ఊహించవచ్చు. అంపైరు ఒక్కడే, మైదానం అతనిదే, బౌండరీ దగ్గర ప్రకటనలు అమ్మే కొట్టూ అతనిదే.

మన దేశంలోనూ ఈ కొట్టు మీద తగాదాలు నడిచాయి. తెలుగు మ్యాట్రిమొనీ సహా అనేక పెళ్లి సంబంధాల సైట్లు నడిపే చెన్నై సంస్థ మ్యాట్రిమొనీ డాట్ కామ్, వినియోగదారుల సంస్థ కట్స్ చేసిన ఫిర్యాదులపై పోటీ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు రూ.135.86 కోట్ల జరిమానా వేసింది. అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ పేరున్న డీఆర్ఎస్ లాజిస్టిక్స్ కేసులో, ఒకరి ట్రేడ్‌మార్కును ఇంకొకరికి కీవర్డుగా అమ్మి సొమ్ము చేసుకునేటప్పుడు గూగుల్ కేవలం ప్రేక్షకుడు కాదని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023 ఆగస్టులో చెప్పింది. కొనేవాడు తికమకపడితేనే అది ఉల్లంఘన అని కూడా చెప్పింది. లింకు కొనడాన్ని పేరుపెట్టి నిషేధించిన చట్టం మాత్రం లేదు. కాబట్టి దళారి మీద చట్టం పనిచేసే చోట్లు వేరు. క్వారీ ఫొటోలు ఎత్తుకుపోయి తనవిగా పెట్టుకుంటే కాపీరైటు నోటీసు. ఫ్యాక్టరీ పేరు వాడుకుంటే ట్రేడ్‌మార్కు. సరుకు గురించి అబద్ధం చెబితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. వీటిలో లాయరుకు పెట్టిన డబ్బుకు ఫలితం ఉండే అవకాశం ఉంది. లింకుల గురించి అయితే గూగుల్ ఇచ్చిన స్పామ్ ఫిర్యాదు పత్రం ఉంది. పేజీల చిరునామాలతో, ఆవేశం లేకుండా, ఒక్కసారి నింపి పంపాలి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేచి దళారి ఎన్నో స్థానంలో ఉన్నాడో చూడడం మానుకోవాలి. ఈ రెండో పని మొదటిదానికన్నా కష్టం.

భయాన్ని అమ్మేవాళ్లతోనూ జాగ్రత్త. ‘మీ శత్రువు మీ సైటుకు విషపు లింకులు తగిలించాడు, ఇంతిస్తే కడిగిపెడతాం’ అని మెయిళ్లు వస్తాయి. పోటీవాడు మురికి చల్లడం అసాధ్యమేమీ కాదు. అయితే అలాంటివాటిలో అధికభాగాన్ని తమ యంత్రమే పక్కనపెడుతుందనీ, లింకులు కొన్న చరిత్రో, చేతితో విధించిన శిక్షో ఉంటే తప్ప ఆ తిరస్కరణ పరికరం జోలికి పోనక్కర్లేదనీ గూగుల్ చెబుతూనే ఉంది. అసలు లింకులు తెచ్చిపెడతామని నిరుడు ప్యాకేజీ అమ్మినవాడే ఈ ఏడు వాటిని కడిగే ప్యాకేజీ అమ్మితే ఆశ్చర్యం లేదు.

మరి ఆ యజమాని చేతిలో ఏముంది? డబ్బు పెట్టి తెచ్చుకోలేనివి చాలా ఉన్నాయి, ఆయన వాటిని ఆస్తిగా లెక్కపెట్టుకోలేదంతే. ఆయన బండలు వేసిన కల్యాణమండపం ఉంది, దానికి సైటు ఉంటే పని చేయించిన వివరాల్లో ఆయన పేరు పెట్టమని అడగవచ్చు. ఏళ్ల తరబడి సరుకు ఎత్తుతున్న బెంగళూరు డీలరు ఉన్నాడు. రాయి నమూనాలు పట్టుకెళ్లిన ఇంజినీరింగు కాలేజీ విద్యార్థులున్నారు. ఇవన్నీ కలిపినా పాతిక లింకులు కావు. కానీ ఒకరినొకరు ఎరగని పాతికమంది, పాతిక రకాలుగా, నిజంగా చూసినదాన్ని చెప్పిన మాటలవి. కడప బంగళాలో ప్రతులను సరిచూసిన పండితుడికైనా ఇలాంటివే కావాలి.

ఇంకొకటి, అడ్డదారిలో దొరకనిది, పనితనం. వాన పడితే క్వారీలో ఏ పని ఆగుతుంది, అరకు ఎంత మందం సరిపోతుంది, మెరుపు పాలిష్ ఏ గదిలో కాలు జారేలా చేస్తుంది? ఇవి దళారికి తెలియవు. తెలిసినా రాయడు. తెలుగులో, కన్నడంలో, తమిళంలో ఇలాంటి పేజీలు నాలుగు రాసి, కోత మిషను దగ్గర తీసిన ఫొటోలు కొలతలతో పెడితే, ఆరు నెలల్లో మొదటి స్థానం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. హామీ ఇచ్చేవాడు దొరికితే అతను లింకులమ్మే మనిషే అయ్యుంటాడు.

కొడుకు రాయడం మొదలుపెట్టాడనుకుందాం. వంటగట్టు పేజీలో మూడో వాక్యం దగ్గర తండ్రి ఆపుతాడు. ఇది సున్నపురాయి జాతి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడి అలాగే ఉండిపోతే మెరుపు పోయి మచ్చ కడుతుందని, వెంటనే తుడవాలని అక్కడ రాసి ఉంది.

“మన సరుకు లోపం మనమే చెప్పుకోవాల్నా? ఆ మాట తీసెయ్.”

“బేరానికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది అదే కదా నాయనా, రోజూ నువ్వు చెప్పేదీ అదే” అని కొడుకు నాలుగో వాక్యం మొదలుపెట్టాడు.